ఎక్కనివాళ్ళ వెంట పడ్డ మనిషి

"మన కంట్రోలర్ గారు పోయారమ్మా" అంటూ కోటయ్య గారు ఫోన్ చేశారు. కోటయ్య గారు నాతో ఏళ్ళ తరబడి ఒకే బస్సు మీద పనిచేసిన డ్రైవరు. రిటైరయ్యాక కొడుకు దగ్గర ఉంటున్నారు. ఎప్పుడని అడిగితే, "మొన్న. అద్దంకిలో. పదిహేను రోజులు మంచం మీదే ఉన్నారంట" అన్నారు. మళ్ళీ ఆయనే, "ఆ మనిషి పదిహేను రోజులు మంచం మీద ఎట్టా పడుకున్నాడో నాకు అర్థం కావట్లేదమ్మా" అన్నారు.

నాకూ అర్థం కాలేదు.

గుంటూరు బస్టాండులో సిటీ బస్సులు ఆగే మూల ఒక రేకుల గది ఉండేది. ఏ బస్సు ఎప్పుడు కదలాలో, దాని మీద ఎవరు వెళ్ళాలో చూసే కంట్రోలర్‌కి అందులో ఒక బల్లా కుర్చీ వేసి ఉంచారు. ఆ కుర్చీలో ఆయన సంచి కూర్చునేది. ఆయన మాత్రం గుమ్మంలోనో, బస్సు మెట్టు మీదో, రోడ్డుకి అవతలి పక్కనో ఉండేవారు. ఇడ్లీ కూడా నిలబడే తినేవారు, అదీ రోడ్డు వైపు తిరిగి. స్టాపులో ఎవరైనా బస్సు కోసం చూసి చూసి విసుగొచ్చి ఆటో ఎక్కితే, నోటి దాకా తెచ్చిన ముక్క అక్కడే ఆగిపోయేది. "పోయాడు" అనేవారు, ఎవరో చచ్చిపోయినట్టు.

సన్నటి మనిషి. ఒక చెప్పు మడమ దగ్గర అరిగిపోవడం వల్ల నడకలో కొంచెం ఒరిగేవారు. ఎడం చేతి గడియారానికి పొద్దున్నే తాళం ఇచ్చుకునేవారు. బస్టాండు గోడ మీది పెద్ద గడియారాన్ని ఆయన ఎప్పుడూ నమ్మలేదు.

ఒకసారి మా డిపోలో ఎవరింట్లోనో పెళ్ళికి వెళ్ళినప్పుడు, మంగళగిరి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషిని పట్టుకుని, "దేంట్లో వచ్చారండీ?" అని అడగడం నేను విన్నాను. ఆయన కారులో వచ్చానన్నారు. "బస్సులో ఎందుకు రాలేదు?" అని ఈయన నిలదీశారు. భోజనాలకి పిలుపులు వస్తున్నా వదల్లేదు. చివరికి ఆ పెద్దమనిషి, "బస్సులో అయితే పంచె మాసిపోద్ది బాబూ" అని ఒప్పుకున్నారు. "అదీ కారణమే. మంచిది, చెప్పారు" అని దణ్ణం పెట్టి మరీ వదిలారు. తరవాత వారం రోజులు మా బస్సుల్లో సీట్ల మీద దుమ్ము తుడిచారో లేదో వేలితో రాసి చూశారు.

తొంభైల చివర, ఆడవాళ్ళని కూడా కండక్టర్లుగా తీసుకోవడం మొదలైన కొత్తలో నేను ఉద్యోగంలో చేరాను. మా పాపకి అప్పుడు రెండేళ్ళు. సిటీ బస్సు మీద వేశారని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు. కానీ ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలిచేట్టు కనిపించలేదు. మా రూటు బస్టాండులో మొదలై, ఊరి చివరి కాలనీ చుట్టి, మిర్చి యార్డు మీదుగా కోల్డు స్టోరేజీల దాకా వెళ్ళేది. సగం సీట్లు ఎప్పుడూ ఖాళీ. జనమంతా షేరు ఆటోల్లో పోతున్నారు. ఏడుగురు కూర్చోవలసిన ఆటోలో లోపల పదిమంది, వెనక కమ్మీ మీద ఇద్దరు. మిరప సీజను అయ్యేలోపల జనం పెరగకపోతే ఆ రూటు తీసేస్తామని డిపో మేనేజర్ గారు చెప్పేశారు. తీసేస్తే నన్ను దూరం సర్వీసుల మీద వేస్తారు. అవి వెళితే మర్నాటికి గానీ తిరిగి రావు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున లుంగీ మీద చొక్కా వేసుకున్న మనిషి కాలనీ దగ్గర ఎక్కి, ఖాళీ సీట్లున్నా కూర్చోకుండా కమ్మీ పట్టుకుని నిలబడ్డారు.

"ఈ స్టాపులో ఎంతమంది ఎక్కారమ్మాయ్?" అని అడిగారు.

"ముగ్గురు. టికెట్ తీసుకోండి."

"ఎంతమంది ఎక్కలేదు?"

"ఎక్కనివాళ్ళతో నాకేం పనండీ?"

"నీకే కాదు, వాళ్ళతో ఎవరికీ పన్లేదు. అందుకే ఇట్టా ఖాళీగా ఉంది" అని జేబులోంచి గుర్తింపు కార్డు తీసి చూపించారు. కొత్తగా వచ్చిన కంట్రోలర్. తిడతారనుకున్నాను. ఆయన నన్ను ఏమీ అనలేదు. వెనక అద్దంలోంచి ఆ స్టాపు కనపడినంత సేపూ చూస్తూ, "పదకొండు మంది. పదకొండు మంది ఎక్కలేదు" అని తనలో తను అనుకున్నారు.

మర్నాడు డ్యూటీ దిగగానే నన్నూ కోటయ్య గారినీ ఆటో స్టాండు దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడ శీను అని ఒక ఆటో అబ్బాయి ఉండేవాడు, మా రూటు మీదే తిప్పేవాడు. ఆయన అతనికి టీ ఇప్పించి, "మా బస్సులో నీ ఆటోలో కంటే టికెట్ తక్కువ గదా. జనం నీ దగ్గరికెందుకొస్తున్నారయ్యా? నిజం చెప్పు" అన్నారు.

శీను మొదట నవ్వాడు. ఆ తర్వాత మొహమాటం లేకుండా చెప్పేశాడు. "మీ బస్సు ఎప్పుడొస్తదో మీకే తెలవదు సార్. నేనైతే ఉన్నానంటే ఉన్నట్టే. ఇంకోటి, నేను పిలుస్తా. 'రామ్మా, రా పిన్నీ, జరగండి, చోటివ్వండి' అంటా. మీ బస్సులో ఎవరు పిలుస్తారు?" అని నా వైపు వేలు చూపించి, "అదిగో, ఆవిడ మొహం చూడండి. అప్పు తీర్చమని అడగడానికొచ్చినోళ్ళని చూసినట్టు చూస్తది" అన్నాడు.

కోటయ్య గారు పక్కకి తిరిగి నవ్వు ఆపుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. కంట్రోలర్ గారు మాత్రం నవ్వలేదు, నన్ను ఓదార్చనూ లేదు. "రేపు నువ్వు యూనిఫాం వేసుకోవద్దు. మామూలు చీర కట్టుకుని కాలనీ స్టాపులో నిలబడు. నీ బస్సుకి ఇంకొకరిని పంపిస్తా" అన్నారు.

నిలబడ్డాను. పొద్దున్నే చలి. నా చుట్టూ కోల్డు స్టోరేజీలకి పనికి పోయే ఆడవాళ్ళు. వాళ్ళ పని ఎండు మిరపకాయల తొడిమలు తీయడం. ఒక్కొక్కరి చేతిలో కింద పరుచుకునే గోతాం ముక్క, అన్నం డబ్బా. బస్సు రావలసిన వేళ దాటింది. ఇంకా దాటింది. నా పక్కనున్న పెద్దావిడ, పేరు మరియమ్మ, "కొత్తగా వచ్చావా అమ్మా? ఆ బస్సు కోసం చూడబాక, ఆటో ఎక్కు. గేటు ఏసేస్తే మేస్త్రి లోపలికి రానియ్యడు, రోజు పోద్ది" అని నాకు సలహా ఇచ్చింది. అంతలో బస్సు వచ్చింది. నా బస్సే. చెయ్యెత్తాను. గోతాలు పట్టుకున్న మమ్మల్ని చూసి కోటయ్య గారు వేగం తగ్గించినట్టే తగ్గించి, స్టాపు దాటించుకుని పోయారు. దుమ్ము మా మొహాన కొట్టింది.

రోజూ నేను లోపల నిలబడి, పోనివ్వమని రెండు బెల్లులు కొట్టి చేసే పని అది. బయటి నుంచి ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. ఆ మధ్యాహ్నం కోటయ్య గారిని రేకుల గది ముందు పట్టుకుని, "నన్నే వదిలేసి పోతారా?" అని అరిచాను. "నువ్వని నాకు తెలవదు గదమ్మా!" అన్నారాయన. "తెలిస్తే ఆపుతావు, తెలవకపోతే ఆపవు. ఊళ్ళో అందరూ నీకు తెలుసా కోటయ్యా?" అని గుమ్మంలోంచి కంట్రోలర్ గారు అడిగారు.

ఆ తర్వాత రెండు నెలలు ఆయన మమ్మల్ని ఊపిరి తీసుకోనివ్వలేదు. సైకిలేసుకుని ఆటోల వెనక తిరిగి, జనం నిజంగా ఎక్కడ దిగుతున్నారో చూశారు. మా బస్సు ఆగే చోటు కోల్డు స్టోరేజీ గేట్లకి బాగా అవతల ఉందని కనిపెట్టి, స్టాపుని గేటు ఎదురుకి తెచ్చారు. కాలనీలో కరెంటు స్తంభానికి ఒక రేకు కట్టి, దాని మీద తన చేత్తోనే తెల్ల రంగుతో బస్సు వచ్చే టైము రాశారు. అక్షరాలు వంకర. అంకెలు మాత్రం చక్కగా ఉన్నాయి. ఆ టైముకి నిమిషం ముందు కదిలినా ఊరుకునేవారు కాదు. "ఆలస్యమైతే తిట్టుకుంటారు. ముందే వెళ్ళిపోతే మనల్ని అబద్ధాలకోరులంటారు" అనేవారు.

నేను పిలవడం నేర్చుకున్నాను. మొదట్లో గొంతు పెగిలేది కాదు. "రామ్మా" అనడానికి అంత సిగ్గెందుకో నాకిప్పటికీ తెలియదు. మొదట ఎక్కింది మరియమ్మే. నన్ను గుర్తుపట్టి, "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! నువ్వు కండక్టరమ్మవా! ఆటో ఎక్కమని నీకే చెప్పానే" అని నోరు నొక్కుకుంది.

సాయంత్రం ట్రిప్పు ఉన్న రోజుల్లో ఇంకో తంటా వచ్చింది. రోజంతా మిరపకాయల్లో కూర్చున్న వాళ్ళ బట్టలకీ జుట్టుకీ ఆ ఘాటు పట్టి ఉంటుంది. బజారు నుంచి ఎక్కేవాళ్ళు ముక్కుకి కర్చీఫు అడ్డం పెట్టుకుని, వాళ్ళని వెనక్కి పంపమని నా మీద కేకలేసేవారు. ఒకరోజు కంట్రోలర్ గారు ఎక్కి, ఆ ఆడవాళ్ళ మధ్యలో నిలబడి దారి పొడుగునా మాట్లాడుతూ వచ్చారు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. మాటకొక తుమ్ము. మరియమ్మ జాలిపడి, "ముందుకు పోరాదూ సారూ" అంటే, "గుంటూరులో పుట్టి మిరపకాయకి పారిపోతే ఎట్టాగమ్మా" అని మళ్ళీ తుమ్మారు. బస్సంతా నవ్వింది. ముక్కు మూసుకున్నవాళ్ళు కూడా నవ్వారు. ఆ రోజు నుంచీ వెనక్కి పంపమన్నవాళ్ళు లేరు.

ఒక పొద్దున యార్డు దగ్గర టైరు పంచరైంది. ఆయన బస్సులోనే ఉన్నారు. ఆడవాళ్ళందరినీ దింపి, వాళ్ళకంటే ముందు తను నడుస్తూ, దాదాపు పరిగెత్తుతూ, గేటు దగ్గరికి వెళ్ళారు. అప్పటికే మూసేసి ఉంది. మేస్త్రితో, "ఆలస్యం వీళ్ళది కాదు, మా బస్సుది. కావాలంటే నన్ను బయట నిలబెట్టు" అన్నారు. మేస్త్రికి ఆయనెవరో తెలియదు. కానీ ఆ మొహంలో ఏం చూశాడో, గేటు తీశాడు. ఆ వారంలో మా బస్సులో నిలబడ్డానికి చోటు లేకపోయింది.

ఇక్కడితో ఆపేస్తే ఆయన గొప్పవారనే చెప్పినట్టవుతుంది. ఆయన గొప్పవారే. కానీ తర్వాత జరిగింది కూడా చెప్పాలి.

మిరప సీజను ముమ్మరంలో యార్డు రెండు రోజులు మూసి తెరిచారు. తెరిచిన రోజు కాలనీ స్టాపులో జనం విరగబడ్డారు. సగం మందిని వదిలేసి వచ్చాం. శీను ఆటో కళకళలాడింది. కంట్రోలర్ గారు ఇంకో బస్సు ఇమ్మని మేనేజర్ గారిని అడిగారు. లేదన్నారు. ఆ సాయంత్రం ఆయన రేకుల గది చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. "ఒక్కరోజు వదిలేస్తే పోతారు. ఎంత కష్టపడి తెచ్చుకున్నాం! మళ్ళీ రారు" అని అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు.

మర్నాడు తెల్లవారేసరికి మా బస్సు వెనక ఇంకో బస్సు ఉంది. పత్తి చేల మధ్య ఉన్న ఒక ఊరికి వెళ్ళి పొద్దున ఏడింటికి జనాన్ని ఎక్కించుకుని టౌనుకి రావలసిన బస్సది. "ఆ ఊళ్ళో పట్టుమని పదిమంది ఎక్కరు. తర్వాత ట్రిప్పుకి వస్తారులే" అన్నారు కంట్రోలర్ గారు. ఎవరి అనుమతీ తీసుకోలేదు. నేనూ ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే సంతోషించాను. ఆ పొద్దున కాలనీలో ఒక్కరు కూడా మిగలకుండా ఎక్కించుకుని వెళ్ళాం. ఆయన మెట్టు మీద నిలబడి, ఖాళీ అయిన స్టాపుని చూసి చిన్నపిల్లాడిలా నవ్వారు.

ఆ రోజు ఇంటర్మీడియట్ పరీక్ష ఉంది. ఆ ఊరి నుంచి పద్మ అనే అమ్మాయి ఏడింటి బస్సు కోసం రోడ్డు మీద నిలబడింది. బస్సు రాకపోయేసరికి తండ్రి సైకిలెక్కించుకుని బయల్దేరాడు. అన్ని మైళ్ళు తొక్కుకుంటూ వచ్చేసరికి పరీక్ష మొదలై చాలాసేపయింది. లోపలికి రానివ్వలేదు.

మధ్యాహ్నం ఆ తండ్రి బస్టాండుకి వచ్చి అరిచి వెళ్ళాడు. మేనేజర్ గారు కంట్రోలర్‌ని పిలిచి తలుపు వేసుకుని, బస్సు చెడిపోయిందని రాసిమ్మన్నారట. బయటికొచ్చాక, అక్కడున్న మెకానిక్కులు కూడా అదే మాట అన్నారు. రాసేస్తే సరిపోతుంది, రోజూ ఎన్ని చెడిపోవట్లేదు? కోటయ్య గారు బతిమాలారు కూడా. "రాసెయ్యండి సార్. ఉద్యోగానికి ముప్పు."

"చెడిపోయిందంటే ఆయన బస్సుని తిట్టుకుంటాడు కోటయ్యా. తిట్టాల్సింది నన్ను" అని, "నేనే తీయించాను" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టారు. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మాయ్, నాతో ఆ ఊరు రాగలవా? ఆడపిల్ల ఉన్న ఇంటికి ఒక్కణ్ణే వెళ్ళడం బాగోదు" అన్నారు.

వెళ్ళాం. ఇంటి ముందు ఎండిన పత్తి కట్టె మోపులు మోపులుగా పేర్చి ఉంది. తండ్రి పేరు వెంకటేశ్వర్లు. కంట్రోలర్ గారు చెప్పులు బయటే విడిచి, వాకిట్లో నిలబడి, జరిగింది ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఎవరి కోసం బస్సు తీశారో కూడా చెప్పారు. మంచం వాల్చలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు.

వెంకటేశ్వర్లు అంతా విన్నాడు. కోపంతో అరుస్తాడనుకున్నాను. బస్టాండులో అరిచినంతగా అరవలేదు.

"వాళ్ళకి ఆటోలున్నాయి గదయ్యా" అన్నాడు. "మీ బస్సు రాకపోతే అదెక్కి పోతారు. మా ఊరికి ఆటో రాదు. మాకు మీరే గదా దిక్కు. వదిలేసి పోయినోళ్ళ వెంట పడ్డారు. మేం ఎక్కడికీ పోం గదా అని మా బస్సు తీసి వాళ్ళకిచ్చారు. అంతేనా?"

ఎప్పుడూ ఏదో ఒకటి కదిలిస్తూ ఉండే కంట్రోలర్ గారి చేతులు కదలకుండా వేలాడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

తలుపు పక్కన ఆ అమ్మాయి నిలబడి ఉంది. రెండు జడలు, కళ్ళు వాచి ఉన్నాయి. నేను దగ్గరికి వెళితే, నాతోనో ఆయనతోనో తెలియకుండా, "నేను కెమిస్ట్రీ బాగా చదివానండీ" అంది.

అంతే. తిరిగొచ్చేటప్పుడు చేల గట్టు మీద ఆయన ముందు నడిచారు. రోడ్డెక్కాక, "బాగా చదివిందంట" అన్నారు. నేను బస్సు వచ్చే వైపు చూస్తూ నిలబడ్డాను.

ఇంకా రెండు పరీక్షలు మిగిలి ఉన్నాయి. ఆ రెండు రోజులూ ఆయన తెల్లవారుజామునే ఆ బస్సులో ఆ ఊరికి వెళ్ళి, పద్మ ఎక్కేదాకా రోడ్డు మీద నిలబడి, కాలేజీ ముందు దిగేదాకా అదే బస్సులో వచ్చారు. ఆ పిల్లతో మాట్లాడే ప్రయత్నం చెయ్యలేదట. ఆ పిల్ల తర్వాత ఆ ఒక్క పేపరూ మళ్ళీ రాసి పాసయిందని ఆ బస్సు డ్రైవరు ఎప్పుడో చెప్పాడు. ఈలోగా ఆయనకి జీతం పెరుగుదల ఆపేసి, అద్దంకి వైపు బదిలీ చేశారు. వెళ్ళే రోజు పూలదండలూ ఫోటోలూ వద్దన్నారు. కుర్చీలోంచి సంచి తీసుకుని, కదులుతున్న బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆ బస్సులో కూడా నిలబడే ఉన్నారని కోటయ్య గారన్నారు.

ఆయన ఉన్నన్నాళ్ళూ నిండిన బస్సు, ఆయన వెళ్ళాక ఒక్కసారిగా ఖాళీ అవలేదు. మెల్లగా అయింది. కొత్తగా వచ్చిన కంట్రోలర్ మంచివాడే. కుర్చీలో కూర్చునేవాడు. బస్సు ఐదు నిమిషాలు, తర్వాత పది నిమిషాలు ఆలస్యమవడం మొదలైంది. నేనూ కోటయ్య గారూ మా శాయశక్తులా లాగాం. కానీ బస్సే ఇవ్వని రోజు మేమేం చేస్తాం? రెండు వేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకి ఆ రూటు తీసేశారు. నన్ను దూరం సర్వీసుల మీద వేశారు. పాప అప్పటికి బళ్ళో పడింది కాబట్టి గట్టెక్కాను.

ఇంకో మూడు నాలుగేళ్ళకి, చుట్టాల ఇంట్లో పెళ్ళికి అద్దంకి వెళితే, అక్కడి బస్టాండులో ఆయన కనిపించారు. రిటైరై అక్కడే చిన్న ఇల్లు తీసుకుని ఉంటున్నారు. జుట్టంతా తెల్లబడింది. పల్లెటూళ్ళకి వెళ్ళే బస్సుల దగ్గర నిలబడి ఎవరో రైతుతో వాదిస్తున్నారు. నన్ను చూసి, "అమ్మాయ్!" అని గట్టిగా పిలిచారు. టీ చెప్పారు. మా పాప ఎంత ఎదిగిందో అడిగారు. ఆ తర్వాత మన రూటు ఎట్టా ఉందన్నారు.

చెప్పక తప్పలేదు. "తీసేశారు సార్."

గ్లాసు పట్టుకున్న చెయ్యి ఆగింది. "ఆ ఆడవాళ్ళు ఎట్టా పోతున్నారు మరి?"

"ఆటోల్లో."

"టైముకి చేరుతున్నారా?"

"చేరుతున్నారు సార్."

"కూర్చునా, వేలాడుతూనా?"

అబద్ధం చెప్దామనుకున్నాను. చెప్పలేకపోయాను. "వేలాడుతూనే సార్. మొన్న మలుపులో ఒకావిడ జారి పడింది. చెయ్యి విరిగింది."

టీ తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టేశారు. దుకాణం అబ్బాయి దగ్గర ఒక తెల్ల కాగితం అడిగి తెచ్చి నా ముందు పెట్టి, "రాయి" అన్నారు. పెళ్ళివారు నా కోసం చూస్తున్నారని చెప్పినా వినలేదు. నేను సిమెంటు బెంచీ మీద కూర్చుని రాస్తుంటే, ఆయన అటూ ఇటూ తిరుగుతూ చెప్పారు. గేటు మూసే టైము రాయమన్నారు. కమ్మీ మీద వేలాడేవాళ్ళ సంగతి రాయమన్నారు. పొద్దున ఒక్క ట్రిప్పయినా తిరిగి ఇమ్మని రాశాను. నా భుజం మీదుగా వంగి చదివి, అక్కడ ఆపారు.

"ఎవరి బస్సూ తీయకుండా ఇమ్మని రాయి" అన్నారు. "ఆ మాట తప్పకుండా ఉండాలి. ఎవరి బస్సూ తీయకుండా."

రాశాను. ఆయన సంతకం పెట్టారు.

ఆ కాగితం పట్టుకుని నెలకోసారి గుంటూరు వచ్చేవారు. నాకు ఎదురైతే ఒక్క నిమిషం ఆగి మాట్లాడేవారు, లేకపోతే లేదు. ఆఫీసులో గుమాస్తాలు కూర్చోమంటే కూర్చునేవారు కాదట. వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తుంటే చూడలేక ఎవరో ఒకరు ఆ ఫైలు పైకి జరిపేవారట. ఒక మేనేజర్ మారారు, ఇంకొకరు వచ్చారు. ఏడాది పైన గడిచింది. చివరికి డిపోకి కొత్త బస్సులు వచ్చినప్పుడు, అందులో ఒకటి పొద్దున పూట ఒక్క ట్రిప్పు ఆ దారిన తిప్పడానికి ఒప్పుకున్నారు. ఆయన వల్లనే ఒప్పుకున్నారో, లేక కొత్త బస్సు ఉంది కదా అని ఒప్పుకున్నారో నేను చెప్పలేను. కండక్టరు ఎవరని అడిగితే నేనే చెయ్యెత్తాను.

ముందు రోజు సాయంత్రం అద్దంకికి ఫోన్ చేసి చెప్పాను. ఎన్నింటికి కదులుతుందో రెండుసార్లు అడిగారు. తర్వాత, "సరే, ఫోన్ పెట్టెయ్. పొద్దున్నే డ్యూటీ గదా, పోయి పడుకో" అన్నారు. ఆయన నాతో అన్న ఆఖరి మాటలవే. తర్వాత ఆయన ఆరోగ్యం చెడిందనీ, ప్రయాణాలు మానేశారనీ విన్నాను. వెళ్ళి చూడాలి, చూడాలి అనుకుంటూనే ఉండిపోయాను.

మొదటి రోజు డ్రైవరు కొత్త కుర్రాడు. కాలనీలో నలుగురే ఎక్కారు. మరియమ్మ లేదు. కాళ్ళనొప్పులతో పని మానేసిందని చెప్పారు. మిగిలినవాళ్ళు బస్సుని చూసి ఆశ్చర్యపడ్డారు గానీ, అలవాటు కొద్దీ ఆటో వైపే వెళ్ళారు. నేను గొంతు చించుకుని పిలిచాను. కోల్డు స్టోరేజీ గేటు ముందు ఆ నలుగురూ దిగారు. అందరికంటే చిన్నామె, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, ఆ రూటులో ఒకప్పుడు బస్సు ఉండేదని కూడా తెలియని పిల్ల, దిగినదల్లా మళ్ళీ మెట్టు దగ్గరికి వచ్చింది.

"అక్కా, రేపు కూడా వస్తదా? వస్తదంటే ఆటో అతనికి వద్దని చెప్పేస్తా. ఒకసారి వద్దంటే మళ్ళీ నాకు చోటుంచడు."

నా చేతిలో లేని మాట అది. బస్సు ఇచ్చేదీ ఆపేదీ నేను కాదు. ఆ పిల్ల మెట్టు పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది. డ్రైవరు హారన్ కొట్టాడు.

"వస్తుంది. చెప్పెయ్" అన్నాను.

డ్యూటీ అయ్యాక ఇంటికి వెళ్ళలేకపోయాను. అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. రేపటికి ఏ బస్సు ఎక్కడికో రాసే చార్టు సాయంత్రం గానీ తయారు కాదు. అప్పటిదాకా మేనేజర్ గది ముందు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. చార్టు గోడకి అంటించగానే అందరికంటే ముందు వెళ్ళి, ఆ ట్రిప్పు ఉన్న గీత వెతుక్కుని, దాని మీద వేలు పెట్టి చదువుకున్నాను. ఉంది. ఒక్క రోజుకి ఉంది.